లీకు వెతికిన వేలు

భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నవాడు రెండు సీట్ల కారు కొంటాడా? నేను కొన్నాను. అప్పటికి తెలంగాణ వచ్చి రెండు మూడేళ్లయింది. నల్లగొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడిని. హైదరాబాద్‌లో పాత కార్లు అమ్మే ఒక షెడ్డులో, దుమ్ము కొట్టుకుపోయి, మూలన పడి ఉన్న ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి నా కంటపడింది. నా ఉద్యోగం కంటే వయసులో పెద్దది. ఇన్నాళ్లూ ఎవరూ దాన్ని అడగలేదంటే ఏదో కారణం ఉంటుందని ఆలోచించే బుద్ధి ఆ రోజు నాకు లేదు. ఇంటి ముందు తెచ్చి నిలబెడితే నా భార్య దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పిల్లలను డిక్కీల ఏసుకపోతవా?" అని అడిగింది. ఆ తర్వాత నెల రోజులు ఆ కారు ఊసే ఎత్తలేదు. ఆమె కోపం అట్లాగే ఉంటుంది.

ఇప్పుడు దాచి లాభం లేదు కాబట్టి చెబుతున్నాను. ఆ కారు నేను భార్యాపిల్లల కోసం కొనలేదు. మా అన్నకు చూపించడానికి కొన్నాను. అన్న నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. బాపు పోయినప్పుడు బడి మానేసి మగ్గం గుంతలో కాళ్లు పెట్టినవాడు మళ్లీ బయటికి రాలేదు. నా హాస్టలు, నా పుస్తకాలు, నా చెప్పులు, అన్నీ ఆ మగ్గం మీంచే వచ్చాయి. నీ రెక్కల కష్టం తిని చదివినవాడు ఎంతవాడయ్యాడో చూడు అని అన్నకు చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఉండేది. మా ఇంట్లో అట్లాంటి మాటలు ఎవరూ ఎవరికీ చెప్పరు. నాకూ చెప్పడం రాదు. అందుకే కారు కొన్నాను.

మా ఊరు ఆలంపూర్‌కు గంట దూరం. అన్న నేసేది నూలు చీర, దానికి పట్టు అంచు. చీర నడుమ భాగం నూలు, అంచు పట్టు కాబట్టి రెండు పోగులనూ అడుగడుగునా వేళ్లతో ఒకదానిలో ఒకటి మెలేసి కలపాలి. ఆ పని చూపుడు వేలు, బొటన వేలు చేయాల్సిందే. మగ్గం మీద నిలువుగా పరిచిన పడుగులో ఎక్కడైనా పోగు తెగితే మేమైతే కళ్లు చిట్లించి వెతికేవాళ్లం. అన్న వెతికేవాడు కాదు. వదినతో మాట్లాడుతూనే చూపుడు వేలు అట్లా పడుగు మీద పోనిచ్చేవాడు. తెగిన చోట వేలు ఆగేది. రెండు కొసలూ తీసి, బూడిద అద్దుకున్న వేళ్లతో ఒక్క నులుము నులిమితే అతుకు పడిపోయేది. మళ్లీ ఎక్కడ అతికాడో తనే చెప్పలేకపోయేవాడు.

కారు కొన్న రెండో నెలలోనే స్టీరింగ్ బిగుసుకుపోయింది. కింద చూస్తే ఎర్రటి నూనె మడుగు. పవర్ స్టీరింగ్ పంపు నుంచి చక్రాల వైపు పోయే రబ్బరు గొట్టం పాతబడి పగుళ్లు తీసింది. దాంట్లోంచి నూనె ఒత్తిడితో పోతుంటేనే స్టీరింగ్ తేలికగా తిరుగుతుంది. కంపెనీ గొట్టం ఎక్కడా దొరకలేదు. చివరికి మహబూబ్‌నగర్‌లో, జేసీబీలకు, ట్రాక్టర్లకు గొట్టాలు చేసిచ్చే ఒక చిన్న దుకాణానికి పాత గొట్టం పట్టుకుపోయాను. ఆ దుకాణం మనిషి పాత ఇనుప కొసలు కోసి, వాటికి కొత్త రబ్బరు గొట్టం పెట్టి, మిషన్‌లో నొక్కి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పాడు.

"సార్, బిగిచ్చినంక యాడన్న కారుతాందా అని చూస్తరు గద. చెయ్యి మాత్రం పెట్టకుండ్రి. అట్ట ముక్క పెట్టి చూడుండ్రి. ఎంట్రుక సందు లీకున్నా నూనె సూదోలె లోపలికి పోతది. మాకాడ ఒకాయన వేలు తీసేసిండ్రు."

నేను తల ఊపాను. ఒత్తిడి గురించి, నాకు, ఈయన చెప్పేదేమిటి అనుకున్నాను. ద్రవాల్లో ఒత్తిడి పాఠం ఏటా జూలైలో నాలుగు సెక్షన్లకు చెప్పేవాడిని.

గొట్టం మార్చే పని మెకానిక్‌కు ఇవ్వలేదు. ఆ కారును చూస్తే మెకానిక్‌లు నవ్వేవాళ్లు, అదొకటి. అన్న ముందు, నా చేతులతో నేను బాగుచేయాలన్నది రెండోది. నాకు చేతిపని ఏదీ రాదని మా ఇంట్లో అందరికీ నమ్మకం. చిన్నప్పుడు కండెలు చుట్టమంటే నూలు చిక్కు చేసి అవతల పారేసేవాడిని. అన్న ఎన్నడూ తిట్టలేదు గానీ, ఆ చిక్కు తీస్తూ నవ్వేవాడు. ఆ నవ్వు నాకు గుర్తుంది.

ముక్కుతూ మూలుగుతూ, దారి పొడుగునా నూనె పోసుకుంటూ కారును మా ఊరు చేర్చాను. అమావాస్య నాడు చేరేట్టు చూసుకున్నాను. అమావాస్యకు మా వాళ్లు మగ్గం ముట్టరు. నెలలో అన్నకు ఖాళీ దొరికేది ఆ ఒక్కరోజే. ఆ రోజు తలంటు పోసుకుని, మధ్యాహ్నం కాసేపు పడుకుని, సాయంత్రం అరుగు మీద కూర్చుంటాడు. ఆ ఒక్కరోజునూ నేను తీసుకున్నాను.

వదినకు మొదటినుంచీ ఇష్టం లేదు. "అమాస నాడు ఇనుము పట్టుడేంది? రేపు చేసుకోరాదా?" అన్నది.

"రేపు నాకు కాలేజీ ఉంది వదినా. ఇంజనుకు అమాస, పున్నమ తెల్వది," అన్నాను.

"నీకు తెల్వది. నీ సదువుకు తెల్వది," అని లోపలికి పోయింది. కోపంగా కాదు. నన్ను ఆటపట్టించడం ఆమెకు సరదా. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆమె మా ఇంటికి కోడలిగా వచ్చింది. నా సంగతి ఆమెకు మా అమ్మ కంటే ఎక్కువ తెలుసు. వాడకట్టులో ఎవరితో మాట్లాడినా, "మా మరిది సదువుకున్నోడు" అనకుండా మాట ముగించేది కాదు.

కారును ఇంటి ముందు, పడుగులు సాపే జాగాలో పెట్టాను. ముందు భాగం జాకీతో లేపి కిందికి దూరాను. పాత గొట్టం ఊడదీయడానికే రెండు గంటలు పట్టింది. పానా జారి కీళ్లు గీరుకుపోయాయి. ఎర్ర నూనె మొహం మీద పడింది. వాడకట్టు వాళ్లు పని లేని రోజు కదా, వచ్చి చుట్టూ కూర్చున్నారు. "సారు ముగ్గుర్ని ఎక్కిచ్చుకునే బండి కొనకపాయె," అని ఒక పెద్దాయన. "ముగ్గురెక్కితే ఉరుకదట," అని ఇంకొకాయన. నాకు లోపల మండుతోంది. అన్న మాత్రం బొంత పరుచుకుని నా పక్కనే కింద కూర్చుని, నేనడిగిన పానా అందిస్తున్నాడు. నా చేతికి నూనె అంటితే తన తువ్వాలుతో తుడుస్తున్నాడు. ఆఖరి నట్టు పట్టకపోతే నన్ను జరగమని, తను పట్టుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా ఒక్క తిప్పు తిప్పాడు. పట్టేసింది. "మర పక్కకు పోయింది. జబర్దస్తీ చేయద్దు, వేలుకు తెలుస్తది," అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. ఇంతసేపు నేను పడ్డ పాటు చూసి కూడా ఆఖరి నట్టు తనే బిగించాడని చిన్నతనంగా అనిపించింది. ఇంత వయసు వచ్చాక ఆ మాట రాయడానికి సిగ్గేస్తోంది, కానీ అదే నిజం. నేను ఆ తర్వాత చేసిన దాంట్లో ఆ ఉడుకుమోత్తనం కూడా ఉంది.

నూనె పోసి ఇంజను స్టార్ట్ చేశాం. గొట్టంలో ఇరుక్కున్న గాలి పోవాలంటే స్టీరింగ్‌ను ఆ కొసకూ ఈ కొసకూ పదిసార్లు తిప్పాలి. తిప్పాను. బానెట్ కింది నూనె డబ్బాలో బుడగలు వచ్చాయి, తగ్గాయి. స్టీరింగ్ తేలికైంది. వాడకట్టు వాళ్లు "అయ్యింది పో" అని లేచిపోయారు. కానీ నూనె మట్టం కొంచెం కొంచెం దిగుతూనే ఉంది. ఎక్కడో కారుతోంది. కిందికి చూస్తే చుక్క లేదు. గొట్టం పొడుగునా సన్నటి తడి తప్ప ఇంకేమీ కనపడటం లేదు.

స్టీరింగ్‌ను ఒక పక్కకు చివరిదాకా తిప్పి బిగపట్టుకుంటే పంపు ఒత్తిడంతా ఆ గొట్టం మీద పడుతుంది. అప్పుడు లీకు బయటపడుతుంది. అది నాకు తెలుసు. నేను సీట్లో కూర్చోవాలి, ఇంకొకరు చూడాలి. నూనె డబ్బాలు వచ్చిన అట్ట పెట్టె అక్కడే, అన్న కాళ్ల దగ్గరే ఉంది.

"అన్నా, నేను ఇట్ల పట్టుకుంట. నువ్వు చూడు," అన్నాను.

అన్న బానెట్ మీదికి వంగాడు. కొంచెం సేపు చూసి, "కండ్లకు ఆనుతలేదు తమ్మి," అన్నాడు.

అప్పుడు నేనన్న మాట ఇది. "వేలుకు తెలుస్తది అన్నవు గదా. వేలు పెట్టి చూడు."

దెప్పిపొడుపుగా అన్నాను. అంటున్నప్పుడు దుకాణం మనిషి మాట గుర్తు రాలేదా అంటే, వచ్చింది. పూర్తిగా కాదు, ఏదో చెప్పాడన్నంత మాత్రం. పెద్దగా ఏమవుతుంది, కారు గొట్టమే కదా, జేసీబీ కాదు కదా అనుకున్నాను. స్టీరింగ్‌ను ఇంకొంచెం గట్టిగా బిగపట్టాను. పంపు కీచుమంది. అన్న ఎప్పుడూ పడుగు మీద పోనిచ్చినట్టే చూపుడు వేలును గొట్టం మీద మెల్లగా పోనిచ్చాడు. ఇనుప కొస, రబ్బరు కలిసే చోట వేలు ఆగింది.

"ఇగో. గీడ," అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకున్నాడు. "సూది గుచ్చుకున్నట్టయ్యింది."

దిగి చూశాను. వేలి కొసన ఒక చుక్క. రక్తం కూడా లేదు. నొక్కితే ఎర్రటి నూనె ఒక్క బొట్టు వచ్చింది. వదిన లోపలినుంచి పసుపు తెచ్చి అద్దింది. లీకు దొరికింది కదా అని నాకు సంతోషం. ఆ చోట ఇంకో క్లిప్పు వేసి బిగించాను. చాలావరకు ఆగింది. "పా అన్నా, ఆలంపూర్ పోయొద్దాం," అన్నాను. రెండు సీట్లు, ఇద్దరం. అన్న తెల్ల అంగీ వేసుకుని వచ్చి కూర్చున్నాడు. ఊరు దాటేదాకా అందరికీ చెయ్యి ఊపాడు. ఎడమ చెయ్యి. కుడి చేతిని పిడికిలి బిగించి తొడ మీద పెట్టుకున్నాడు. నేను గమనించాను. నొప్పిగా ఉందా అని అడగలేదు. అడిగితే బండి తిప్పాల్సి వస్తుందని.

గుడి ముందు తుంగభద్ర గట్టున టీ తాగాం. గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుని, "మంచిగుంది తమ్మి బండి. మెత్తగ పోతాంది," అన్నాడు. నేను విందామనుకున్న మాట అదే. అది విన్నాను కాబట్టి ఇంకేమీ చూడలేదు. ఇంటికి వచ్చేసరికి వేలు తెల్లబడి, వాచి, ముట్టుకుంటే గట్టిగా ఉంది. ఊళ్లో మందులిచ్చే ఆయన దగ్గరికి తీసుకుపోయాను. "ఏం గుచ్చుకున్నది?" అని ఆయన అడిగితే, "ఏదో ఇనుపది," అన్నాను. నూనె మాట చెప్పలేదు. ఆయన ధనుర్వాతం సూది వేసి పంపాడు. మర్నాడు కాలేజీ ఉందని పొద్దున్నే నల్లగొండకు బయల్దేరాను. కాలేజీ అయ్యాక నకిరేకల్ దాకా ఒక పని ఉండి పోయి, కారును అక్కడ నలుగురికీ చూపించుకుని వచ్చాను. ఆ రోజంతా అన్నకు ఒక్క ఫోన్ చేయలేదు.

మూడో రోజు వదిన ఫోన్ చేసింది. "చెయ్యి మణికట్టు దాంక ఉబ్బింది. అన్నం ముద్ద పడ్తలేదు. నువ్వు రా," అన్నది.

మహబూబ్‌నగర్ దవాఖానలో చూసి హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. అక్కడి డాక్టరు వేలు చూడగానే, "నూనె లోపలికి పోయింది. మొదటి రోజే రావాల్సింది. ఎన్ని గంటలు పోగొట్టారో తెలుసా? ఎవరు పెట్టమన్నారు అక్కడ చెయ్యి?" అని గద్దించాడు. మంచం మీద అన్న ఉన్నాడు. పక్కన వదిన ఉంది. డాక్టరు నా వైపే చూస్తున్నాడు, ముగ్గురిలో చదువుకున్నవాడిలా కనిపించింది నేను కాబట్టి.

"నేను స్టీరింగ్ దగ్గర ఉన్నాను సార్. నాకు తెలియకుండా తనే పెట్టాడు," అన్నాను.

అన్న నా వైపు చూడలేదు. డాక్టరు వైపు చూసి, "అవు సార్. నేనే పెట్టిన. ఆయనకు తెల్వది," అన్నాడు.

వేలు కోసి, కడిగి, నాలుగు రోజులు చూశారు. తర్వాత రెండు కణుపులు తీసేశారు. పక్క వేలు ఉంది గానీ ముడుచుకోదు. బొటన వేలికి తోడుగా నులమడానికి ఏదీ మిగల్లేదు.

అన్న తర్వాత కూడా మగ్గం ఎక్కాడు. పట్టు అంచు మాత్రం పట్టుకోలేకపోయాడు. తువ్వాళ్లు, దుప్పట్లు నేశాడు. పోగు తెగితే వదినను పిలుస్తాడు. ఆమె కండెలు చుట్టడం ఆపి, లేచి వచ్చి, వంగి, వెతికి అతికిస్తుంది. రోజుకు ముప్పై నలభై సార్లు. ఆ లేవడంలోనే మొదలయ్యేవి ఆమె తిట్లు.

"ఎవడన్న పెట్టమన్నడా నిన్ను చెయ్యి? ఇంజను తిరుగుతుంటే ఏలు పెడ్తరా? అంత సదువుకున్న తమ్ముడు పక్కకుంటే ఆయనను అడుగరాదా? నీ ఆత్రం కాకపోతే."

అన్న నవ్వేవాడు. "తప్పయ్యింది తియ్యి," అనేవాడు. నేను ఊరికి పోయినప్పుడల్లా ఇదే. నా ముందే, నాకు టీ గ్లాసు చేతికిచ్చి, వెనక్కి తిరిగి ఆయనను తిట్టేది. చుట్టాల ముందు తిట్టేది. బతుకమ్మకు వచ్చిన ఆడవాళ్ల ముందు తిట్టేది. నేను టీ తాగేవాడిని. అన్న ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూస్తే నేను చెప్పేసేవాడినని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. చూసినా చెప్పేవాడిని కాదు. "మా మరిది సదువుకున్నోడు" అనే మాట పోగొట్టుకోవడం నాకు చేతకాలేదు. కారు ఎప్పుడో అమ్మేశాను. దానివల్ల ఏదీ తేలిక కాలేదు.

పోయిన ఏడు ఒక పెళ్లిలో అన్న చేతిలోంచి నీళ్ల గ్లాసు జారి పక్కాయన మీద పడింది. వదిన అందరి ముందూ మొదలుపెట్టింది. ఆ పక్కాయన ఆమెతో కలిసి నవ్వాడు. అన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు నేను భరించలేకపోయాను. మర్నాడు పొద్దున అన్న పాలకు పోయినప్పుడు, రాట్నం ముందు కూర్చున్న వదిన దగ్గరికి పోయి కింద కూర్చున్నాను.

"వదినా, ఆ రోజు అన్న తనంతట తాను పెట్టలే. నేనే పెట్టమన్న. చెయ్యి పెట్టద్దని దుకాణమాయన నాకు ముందే చెప్పిండు. డాక్టరుకు నేను అబద్ధం చెప్పిన."

రాట్నం ఆగింది. ఆమె నన్ను తిడుతుందని, కొట్టినా కొడుతుందని సిద్ధపడి పోయాను. ఆమె కండె ఊడదీసి పక్కన పెట్టింది.

"ఎన్నేండ్లాయె?" అని అడిగింది.

"ఏడేండ్లు దాటింది."

"ఏడేండ్ల సంది తిడ్తనే ఉన్న గదా ఆయనను," అన్నది. నన్ను కాదు, తనలో తను అనుకుంది. లేచి ఇంట్లోకి పోయింది. మధ్యాహ్నం నాకు అన్నం పెట్టింది, కూర రెండోసారి వడ్డించింది. మాట మాత్రం లేదు. నేను బస్సెక్కి వచ్చేశాను. నిజం చెప్తున్నాను, దారిలో నాకు తేలికగా అనిపించింది. కొత్తకోట దాటాక నిద్ర కూడా పట్టింది.

పది రోజుల తర్వాత అన్న ఫోన్ చేశాడు. ఎప్పుడూ పిల్లల సంగతి అడిగి మొదలుపెట్టేవాడు, ఆ రోజు అడగలేదు.

"ఆమెకెందుకు చెప్పినవ్ తమ్మి?"

"నిన్ను అట్ల తిడ్తుంటే చూడలేకపోయిన అన్నా."

"నాకేమన్న బాధైతుండెనా? నేనేమన్న చెప్పిన్నా నీకు?" అన్నాడు. జన్మలో అన్న నా మీద గొంతు పెంచడం అదే మొదలు. తర్వాత తగ్గించాడు. "గిప్పుడు తిడ్తలేదు. పోగు తెగితే పిలువకముందే వచ్చి నిలబడ్తాంది. నా చెయ్యి పట్టుకొని ఊకె ఏడుస్తాంది. నేను ఎంత చెప్పినా ఇంటలేదు. తిట్టినన్నేండ్లు ఆమెకు నిద్రన్న పట్టేది."